మా ఇంటి యార్క్ డ్యూకు

మొన్న నిజామాబాదులో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. రెండు కళ్లలో చుక్కలు వేసి, గంటసేపు కళ్లు తెరవొద్దని బెంచీ మీద కూర్చోబెట్టారు. నా పక్కన ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు ఏదో క్విజ్ పోటీకి తయారవుతున్నారు. ఒకామె ప్రశ్న చదువుతోంది, ఇంకొకామె జవాబు చెబుతోంది. నదులయ్యాయి, రాజధానులయ్యాయి. తర్వాత ఇంగ్లండు రాజుల మీద పడ్డారు.

“మొట్టమొదటి యార్క్ డ్యూకు మూడో ఎడ్వర్డు రాజుకు ఎన్నో కొడుకు?”

“రెండో కొడుకు,” అంది రెండో అమ్మాయి, ఏమాత్రం అనుమానం లేకుండా.

“నాలుగోడు,” అన్నాను నేను కళ్లు మూసుకునే. “పసితనంల పోయినోళ్లను లెక్కల పట్టకుంటె నాలుగోడు.”

పుస్తకం పేజీలు తిరగేసిన చప్పుడు. “కరెక్టే ఉన్నదే,” అని గుసగుస. తర్వాత ఒక అమ్మాయి నా చెవి దగ్గరికి వంగి అడిగింది: “అవ్వా, నీకెట్ల తెలుసు?”

“తెలువకేంది బిడ్డా, మా బావనే గద.”

ఆ పిల్లలు లేచి అవతలి బెంచీకి పోయారు. కాసేపటికి నర్సు వచ్చి నా భుజం తట్టి, చుక్కలకు తల తిరుగుతోందా అని అడిగింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. కళ్లు ఎలాగూ మూసుకునే ఉన్నాను కదా, మా బావ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అంగీ పై గుండీ పెట్టుకుంటున్నాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా మా ఊళ్లో సగం మందికి తెలియదు. బోధన్ బస్టాండులో దిగి డ్యూకు సాబ్ ఇంటికి పోవాలంటే మాత్రం రిక్షా తొక్కేవాళ్లు కూడా తోవ చూపించేవాళ్లు. బోధన్ పక్క పల్లె మాది. ఇంటి చుట్టూ చెరుకు, చెరుకు మధ్య నిజాంసాగర్ కాలువలు. ఆ ఇంట్లో ఐదుగురు అన్నదమ్ములు. బావ నాలుగోవాడు. ఐదోవాడికి నన్నిచ్చి చేశారు. మా జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన రెండేళ్లకు నేను కాపురానికి వచ్చాను.

వచ్చిన మర్నాడు పొద్దున్నే వసారాలో ఎవరో ఎవరినో ఇంగ్లీషులో తిడుతున్నట్టు వినపడింది. తలుపు సందులోంచి చూస్తే, సన్నగా పొడుగ్గా ఒకాయన అటు పన్నెండు అడుగులు, ఇటు పన్నెండు అడుగులు నడుస్తున్నాడు. నెత్తి మీద లావు పుస్తకం. అది పడకుండా గడ్డం కింది నుంచి తువ్వాలతో కట్టు. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగి, అంగీ పై గుండీ పెట్టుకుని, ఒక మాట గట్టిగా అని, మళ్లీ గుండీ విప్పుకుని నడక సాగిస్తున్నాడు. పాపం, పంటి నొప్పేమో అనుకున్నాను.

“పంటి నొప్పి కాదే, బీయే నొప్పి,” అంది మా పెద్ద తోటికోడలు. ఆమెను నేను పెద్దక్క అనేదాన్ని. “గది తగ్గేది కాదు.”

బావ బడిలో చదివింది ఉర్దూలో. బీయేకు వచ్చేసరికి చదువంతా ఇంగ్లీషులోకి మారింది. మిగతా పేపర్లు ఎట్లాగో గట్టెక్కాడు. ఇంగ్లండు చరిత్ర ఒక్కటే మిగిలిపోయింది. ఆ పుస్తకంలో ముప్పై అధ్యాయాలు. ఏడో అధ్యాయంలో మూడో ఎడ్వర్డు, ఆయన ఐదుగురు కొడుకులు వస్తారు. ఐదుగురు అనేసరికి బావకు తన ఇల్లే అచ్చేసినట్టు కనపడింది. ఇక ఎనిమిదో అధ్యాయానికి పోబుద్ధి కాలేదు.

పరీక్షలో ప్రశ్న ఏదైనా ఆయన జవాబు ఒక్కటే. పార్లమెంటు గురించి అడిగితే, పార్లమెంటులో ఈ ఐదుగురు కూర్చునేవారని మొదలుపెట్టేవాడు. ఆవిరియంత్రం గురించి అడిగితే, ఆవిరియంత్రం లేని కాలంలో ఐదుగురు అన్నదమ్ములు ఉండేవారని మొదలుపెట్టేవాడు. ఏడాదికోసారి నిజామాబాదు వెళ్లి ఇట్లా రాసి, తప్పి, మర్నాటి నుంచి మళ్లీ పుస్తకం నెత్తికి కట్టుకునేవాడు. బీయే అయితే గాని పెళ్లి చేసుకోనని వాళ్ల బాపు ముందు ఒట్టు పెట్టుకున్నాడు. బోధన్‌లో దర్జీ పని చేసే ఖాదర్ భాయి ఆయనకు జత. ఆయనా అదే పేపరు ఏటా రాసి ఏటా తప్పేవాడు. ఒక ఏడు బావకు పద్దెనిమిది, ఖాదర్ భాయికి పందొమ్మిది వచ్చాయి. ఆ ఒక్క మార్కుకు ఖాదర్ భాయి బజారంతా మిఠాయి పంచాడు.

గుండీ సంగతి తర్వాత తెలిసింది. డ్యూకు పేరు తీసేటప్పుడు మెడ బోసిగా ఉండకూడదట, మర్యాద కాదట.

మా వైపు తమ్ముడి భార్య బావలకు ఎదురుపడి మాట్లాడేది కాదు. ఏం చెప్పాలన్నా తలుపు చాటు నుంచి గాజులు చప్పుడు చేయాలి. ఒకసారి గలగలమంటే అవును, రెండుసార్లయితే కాదు. ఇంటి పని అంతా ఆ రెండు మాటల మీదే నడిచేది. వసారా పక్క గదిలో నేను బియ్యం చెరుగుతుంటే బావ ముందు ఇంగ్లీషులో అప్పజెప్పి, తర్వాత తన కోసమే తెలుగులో చెప్పుకునేవాడు. రెండు నెలలు విన్నాక నాకూ వచ్చేసింది. ఒకరోజు ఆయన మూడోవాణ్ని, రెండోవాణ్ని తారుమారు చేశాడు. నా చెయ్యి ఆగలేదు. రెండుసార్లు గాజులు మోగించాను.

నడక ఆగింది. “తలుపెనుకోళ్లు ఇంటున్నరా?”

ఒకసారి మోగించాను.

“క్లారెన్స్ డ్యూకు మూడోడా?”

రెండుసార్లు.

“లాంకాస్టర్ డ్యూకు మూడోడా?”

ఒకసారి.

“శభాష్,” అన్నాడు బావ. ఆయన గొంతులో అంత సంతోషం అంతకుముందు నేను వినలేదు. నాలుగో తరగతితో బడి మానిపించిన పిల్లను నేను. ఆ మాట విన్నాక రోజంతా ఏ పని చేసినా నాకు నవ్వే వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన చదువుకు నేను గాజుల మాస్టర్ని.

మా ఇంట్లో అందరికీ బావ బిరుదులిచ్చాడు. వాటితో ఇల్లంతా నానా అవస్థ పడింది. మా మామ మూడో ఎడ్వర్డు. యాభై ఏళ్లు రాజ్యమేలిన రాజట, మామ కూడా బీరువా తాళాలు అన్నేళ్లుగా మొలకే కట్టుకున్నాడు. పెద్దబావ బ్లాక్ ప్రిన్స్. అంటే నల్ల యువరాజు అని తెలిసి ఆయన మొదట రంగు గురించి అనుకుని కోప్పడ్డాడు.

“నల్లగున్ననని ఎక్కిరిస్తున్నవారా?”

“కాదన్నా, శానా పెద్ద వీరుడు. ఫ్రెంచోళ్లు గజగజ వణికిండ్రు.”

పెద్దబావ మీసం దువ్వుకున్నాడు. “మరి రాజెప్పుడైండు?”

బావ అబద్ధం చెప్పలేడు. “కాలే. బాపు కంటె ఏడాది ముందుగాల సచ్చిండు.”

పెద్దబావ ఆ పూట అన్నం తినలేదు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే మామ మంచం దగ్గరికి పోయి, “బాపు, పానం ఎట్లున్నది?” అని అడిగేవాడు. మామ నిక్షేపంగా ఉన్నానంటే ఈయన ముఖం వాడిపోయేది. మామ దగ్గితే కాస్త తేరుకునేవాడు. చివరికి నిండు వయసులో మామ పోయాడు. అందరికంటే ఎక్కువ ఏడ్చింది పెద్దబావే. మూడోనాడు పిండం పిట్టకు పెట్టడానికి వెళ్లినప్పుడు మాత్రం తమ్ముణ్ని పక్కకు పిలిచి, “ఇగ నాకు గండం తప్పినట్టే గదరా?” అని అడిగాడట.

రెండోబావ క్లారెన్స్ డ్యూకు. ఆ డ్యూకు ఇటలీలో రాజుల ఇంటి పిల్లను రెండో పెళ్లి చేసుకుని, గొప్ప విందు తిని, కొన్ని నెలలకే పోయాడు. విషం పెట్టారని కూడా అన్నారు. ఈ కథ విన్న వారానికే ఖాదర్ భాయి పెళ్లి విందు వచ్చింది. రెండోబావ వెళ్లాడు, బిర్యానీ మూడుసార్లు అడిగి పెట్టించుకున్నాడు, వచ్చేటప్పుడు బండిలో కడుపు పట్టుకున్నాడు. ఊరి మొదట్లోనే అరుపులు వినపడ్డాయి.

“అయ్యో, నేను క్లారెన్స్‌నురో! ఇటలీ లెక్కనే అయితున్నదిరో!”

పెద్దక్క వాము, ఉప్పు నలిపి వేడినీళ్లలో కలిపి తాగించింది. పొద్దు వంగేలోపు ఇటలీ తగ్గిపోయింది. కానీ ఆ తర్వాత రెండోబావ ఏ పెళ్లికి పోయినా చద్దన్నం మూటగట్టుకుని పోయేవాడు.

బిరుదు నచ్చింది మూడోబావకు ఒక్కడికే. లాంకాస్టర్ డ్యూకు అంటే రాజు కంటే ఆస్తిపరుడని విని, బోధన్ పెయింటరుతో చెరుకు బండికి తెలుగులోనూ ఉర్దూలోనూ ఆ పేరు రాయించాడు. చక్కెర ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుసలో “లాంకాస్టర్‌ను జరుగుమనుండ్రి” అని జనం కేకలు వేసేవారు.

ఇక మా ఆయన. గ్లాస్టర్ డ్యూకు. ముక్కు మీద కోపం, నోటి నిండా తగువు. ఆ గ్లాస్టర్ డ్యూకును కలే అనే ఊళ్లో పరుపు కింద అదిమి చంపారని అంటారట. తలుపు చాటున ఆ మాట విన్నాక నేను ఆ రోజే మా పుట్టింటివాళ్లు పెట్టిన దూది పరుపు చుట్టేసి అటక ఎక్కించాను. ఎందుకని మా ఆయన అడిగితే నల్లులన్నాను. ఏళ్ల తరబడి ఆయన చాప మీదే పడుకున్నాడు. నడుము నొప్పి అన్నప్పుడల్లా నేను దండం పెట్టుకునేదాన్ని, నడుమే కదా పోతే పోనీ అని.

తనకు తాను పెట్టుకున్నది యార్క్ డ్యూకు. “గాయిన ఎవ్వల జోలికి పోలే. వేటాడుకుంట తిరిగిండు, గంతే,” అనేవాడు. బావ కూడా చెరుకులో పడే అడవిపందుల వెంట ఒక కుక్కను వేసుకుని తిరిగేవాడు. ఒక్క పందినీ కొట్టిన పాపాన పోలేదు. ఒకసారి పందే కుక్కను తరిమితే కుక్క ముందు, బావ వెనక ఇంట్లోకి వచ్చి తలుపేసుకున్నారు.

యార్క్ డ్యూకు గురించి బావకు ఒక్క విషయంలోనే కోపం వచ్చేది. నల్ల యువరాజు కొడుకు రాజయ్యాక ఐర్లండుకు పోతూ రాజ్యాన్ని ఈయన చేతిలో పెట్టి వెళ్లాడు. అదే సమయానికి లాంకాస్టర్ కొడుకు తన ఆస్తి కోసం సైన్యంతో దిగాడు. యార్క్ డ్యూకు కొట్లాడకుండా రాజీ పడ్డాడు. పుస్తకం రాసినాయన దాన్ని చేతకానితనం అన్నాడు. ఆ పేజీలో ఆ మాట దగ్గర బావ పెన్సిలుతో అడ్డంగా గీత కొట్టి ఉర్దూలో “గలత్”, అంటే తప్పు, అని రాసుకున్నాడు.

ఆ తర్వాత మూడోవాడి సంతానం, నాలుగోవాడి సంతానం ఎర్ర గులాబీ, తెల్ల గులాబీ పెట్టుకుని ఏళ్లకేళ్లు నరుక్కున్నారు. దీనంతటికీ బావ ఒక్కటే కారణం కనిపెట్టాడు. మా తాలూకాలో అన్నదమ్ములు వేరుపడేటప్పుడు ఒక రివాజు ఉండేది. పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు ముందు ఎత్తుకోవాలి. అందరికన్నా చివర మిగిలింది పెద్దవాడిది. కాబట్టి వాటాలు వేసేవాడు చచ్చినట్టు సమానంగా వేస్తాడు. ఇంగ్లండులో ఈ రివాజు లేదు. ఒక ఏడు బావ పరీక్షలో ఇదే రాశాడు. ఉత్తగా రాయలేదు, బొమ్మ కూడా గీశాడు. ఇంగ్లండును నిజాంసాగర్ ఆయకట్టు మాదిరిగా ఐదు వాటాలు చేసి, తూములు పెట్టి, ఏ డ్యూకుకు ఏ కాలువ నీళ్లో బాణం గుర్తులతో చూపించాడు. కింద, ఊరి పెద్దమనుషుల సంతకాలకు జాగా విడిచిపెట్టాడు. ఆ ఏడు వచ్చినవి ఆరు మార్కులు.

మామ పోయాక మా ఇంట్లోనూ పంపకం మాట వచ్చింది. బావకు ఇష్టం లేదు. పెళ్లాం లేదు, పిల్లల్లేరు, ఆ వసారా తప్ప ఆయనకు ఇంకో ఇల్లు తెలియదు. ఐదు పొయ్యిలైతే తాను ఏ పొయ్యి మనిషి? నాలుగు రోజులు పుస్తకం నెత్తికి కట్టకుండా తిరిగాడు. ఐదో రోజు, “సరె, పంచుకుందాం. గని మన రివాజు ప్రకారమే,” అన్నాడు.

పెద్దబావ వాకిట్లో ఐదు విస్తరాకులు పరిచి, ఏ వాటాలో ఏ చెలకలు వస్తాయో ఆ చెలకల మట్టిపెళ్లలు ఒక్కో విస్తట్లో పెట్టాడు. నాలుగు వాటాలు మంచివే. ఒకదాంట్లో కాలువ చివరి చౌడు భూమి పడింది, దానికి తోడుగా రెండెకరాలు ఎక్కువ వేశాడు. మా ఆయన ముందు వెళ్లి కాలువ మొదట్లోని నల్లమట్టి విస్తరి ఎత్తుకున్నాడు. తర్వాత బావ వంతు. ఆయన పై గుండీ పెట్టుకుని, వంగి, చౌడు విస్తరి ఎత్తుకున్నాడు.

“ఏందిరా, సోయి ఉన్నదా?” అన్నాడు రెండోబావ. “మంచియి మూడుండంగ గదేంది?”

“గా చెలకల పందులు బాగుంటయి. వేటాడుకుంట.”

అందరూ నవ్వారు. నేను తలుపు చాటున ఉన్నాను, నాకు నవ్వు రాలేదు. అందరికీ వద్దనిపించే వాటా ఒకటే ఉంది. అది చివరికి మిగిలితే పెద్దబావ కడుపులో పెట్టుకునేవాడు, ఆయన కొడుకులు పళ్లు నూరేవాళ్లు. ఆ సంగతి ఆ విస్తరి పట్టుకున్నాయనకు తెలుసు, నాకు తెలుసు. ఒకసారి గాజులు మోగించాను. ఆయన తలుపు వైపు చూడకుండానే తల ఊపాడు.

భోజనం ఏర్పాటు కూడా బావే చేసుకున్నాడు. వారంలో నాలుగు రోజులు నాలుగిళ్లు. మిగతా మూడు రోజులు ఎవరు బాగా వండితే వాళ్లింట్లో. దానితో మా నలుగురు తోటికోడళ్లకు వంటల పోటీ పడింది. ఒక ఇంటి కూర గిన్నె ఇంకో ఇంటికి ఆయన చేతిలోనే వెళ్లేది, ఒక ఇంటి మాట కూడా. మాటను మాత్రం తోవలో కడిగి తెచ్చేవాడు. “దాని మొగని చెరుకు ఎండిపోను” అని రెండో తోటికోడలు నన్ను తిడితే, నా దగ్గరికి వచ్చేసరికి “మీ చెరుకు ఎండుతదేమోనని వదిన రంధి పడుతున్నది” అయ్యేది.

ఇట్లా కొన్నేళ్లు గడిచాయి. బావకు నలభై దగ్గరపడ్డాయి. చెవుల పక్కన తెల్ల వెంట్రుకలు వచ్చాయి. యార్క్ రంగు వచ్చిందని సంబరపడ్డాడు, యార్క్‌వాళ్లది తెల్ల గులాబీ కదా. అప్పుడే పిడుగులాంటి వార్త తెచ్చాడు ఖాదర్ భాయి. ఆ ఏడాదితో పాత సిలబస్ ఆఖరు. ఆ తర్వాత రాయాలంటే కొత్త పుస్తకం. కొత్త పుస్తకంలో ఐదుగురు కొడుకులకు అర పేజీ.

“అర పేజీనా?” అన్నాడు బావ. “ఒక్క లాంకాస్టర్‌కే సరిపోదు గద భాయ్!”

ఇక ఇదే ఆఖరి అదను. ఆ ఏడు బావ చదివిన చదువు నేను మర్చిపోలేను. పొద్దంతా నడిచి నడిచి వసారాలో బండలు నున్నగా చేశాడు. మొదటిసారి ఎనిమిదో అధ్యాయంలోకి కూడా పోయాడు, రెండు రోజులుండి తిరిగొచ్చాడు. పరీక్ష రోజు పొద్దున్నే తెల్ల అంగీ వేసుకున్నాడు. ఖాదర్ భాయి ప్రత్యేకంగా కుట్టి పంపిన అంగీ అది, పై గుండీ కాస్త పెద్దది. పెద్దక్క పెరుగన్నం పెట్టింది. పెద్దబావ ఎదురొచ్చాడు. సిరా బుడ్డి, కలం, హాల్ టికెట్టు పట్టుకుని గట్ల మీది నుంచి అడ్డతోవన రోడ్డుకు బయలుదేరాడు. నిజామాబాదు బస్సు అక్కడే ఎక్కాలి. ఆయన పోయిన కాసేపటికి చూస్తే కళ్లద్దాలు కిటికీలోనే ఉన్నాయి. అవి పట్టుకుని నేను పరుగెత్తాను.

కాలువ దగ్గరికి వచ్చేసరికి అరుపులు. ఆ పూట నీళ్ల వంతు మూడోబావది. మా ఆయన తెల్లవారకముందే తన చెలకకు గండి కొట్టుకున్నాడు. మూడోబావ వచ్చి పూడ్చాడు. మా ఆయన మళ్లీ కొట్టాడు. ఇప్పుడు ఇద్దరి చేతుల్లోనూ పారలు, భుజాల దాకా లేచి ఉన్నాయి. వాళ్ల మధ్యలో తెల్ల అంగీతో మా బావ.

“అన్నా, నువ్వు పో. నీకు బస్సున్నది,” అన్నాడు మా ఆయన పళ్లు కొరుకుతూ.

“పో తమ్మీ, గిది మా ఇద్దరి లొల్లి,” అన్నాడు మూడోబావ.

బావ ఇద్దరినీ చూశాడు. రోడ్డు వైపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచి ఒకదాని పక్కన ఒకటి సర్దాడు. హాల్ టికెట్టు తువ్వాలలో చుట్టి నెత్తికి కట్టుకున్నాడు. అంగీ పై గుండీ పెట్టుకున్నాడు. కాలువలోకి దిగి, సరిగ్గా ఆ గండి దగ్గర, గండికీ కాలువకూ అడ్డంగా మఠం వేసుకుని కూర్చున్నాడు.

నీళ్లు ఆయన వీపుకు కొట్టుకుని ఆగిపోయాయి. నెమ్మదిగా ఛాతీ దాకా లేచాయి.

“నాది మూడు గంటల పరీక్ష,” అన్నాడు. “మీ ఇద్దరి లొల్లి తెగేదాక లెవ్వ.”

“నీకేమన్న పిచ్చి లేసిందా?” అన్నాడు మూడోబావ.

“లాంకాస్టర్, పార కింద పెట్టు. గ్లాస్టర్, నువ్వు సుత. ఇయ్యాల మీరు కొట్టుకుంటె రేపు మీ పిల్లలు కొట్టుకుంటరు. గా పుస్తకం నేను శానాసార్లు సదివిన. నాకు దాని ఆఖరు ఎరుకే.”

రోడ్డు మీద బస్సు హారను వినపడింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. ఖాదర్ భాయి ఆపించి ఉంటాడు. ఇంకా కొట్టని చెరుకు చాటున నేను నిలబడి ఉన్నాను. ఆగలేక రెండుసార్లు గాజులు మోగించాను. వద్దు బావా, లే, పో, అని నా అర్థం.

బావ తల తిప్పాడు. “తలుపెనుకోళ్లు గిడికి సుత వచ్చిండ్రా?” అని నవ్వాడు. కానీ లేవలేదు. బస్సు వెళ్లిపోయింది. ఆ చప్పుడు పూర్తిగా సన్నగిల్లేదాకా ఆయన అటే చూస్తూ ఉన్నాడు.

నీళ్లు ఎవరికీ పోవడం లేదు. అరవడానికి ఏమీ మిగలక ఇద్దరూ చెరో గట్టు మీద కూర్చున్నారు. మా ఆయనకే ముందు జాలి కలిగింది. “నీళ్లు సల్లగున్నయా అన్నా?” అని అడిగాడు. “యార్క్‌కు జలుబే చెయ్యది,” అన్నాడు బావ వణుకుతూ. అప్పుడు మూడోబావ నవ్వాడు. అక్కడ పడ్డారు దారిలో.

“పెద్దోడు పంచాలె,” అన్నాడు బావ. “మూడోడా, మీ ఇద్దరి నీళ్ల వంతులు కలిపి నువ్వు రెండు పాలు చెయ్యి. ఐదోడు ముందు ఎత్తుకుంటడు.”

మూడోబావ బుర్ర గోక్కుని ఆలోచించాడు. తెల్లారంగ నుంచి మధ్యాహ్నందాకా ఒక పాలు, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఒక పాలు అన్నాడు. మా ఆయన జన్మలో ఎప్పుడూ ఇష్టంగా పొద్దున్నే లేచినవాడు కాదు. రెండో పాలు ఎత్తుకున్నాడు. మూడోబావకు కోడి కూతతోనే లేచే అలవాటు. ఇద్దరూ తమకే మంచిది దొరికిందనుకున్నారు. బావ లేచి నిలబడ్డాడు. జేబులో సిరా బుడ్డి మూత ఊడి తెల్ల అంగీ సగం నీలమైంది. ఆ సిరా నీళ్లు మా చెలకలోకే పారాయి. ఆ ఏడు చెరుకు బాగా వచ్చిందని మా ఆయన చెప్పుకునేవాడు.

మర్నాడు పొద్దెక్కాక ఖాదర్ భాయి సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. చేతిలో ప్రశ్నపత్రం. “డ్యూక్ సాబ్! ఆగయా! మీ సవాల్ ఆగయా! మీ ప్రశ్న వచ్చింది! అరె ఖుదా, నిన్న రాకపోతివి గద!”

బావ కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. మొదటి ప్రశ్న. మూడో ఎడ్వర్డు కుమారుల గురించి, వాళ్ల వల్ల వచ్చిన పరిణామాల గురించి రాయండి. ఇన్నేళ్లలో ఒక్కసారీ రానిది నిన్న వచ్చింది. ఖాదర్ భాయి మాత్రం ఏళ్ల తరబడి బావ నోట విన్నదంతా గుర్తు తెచ్చుకుని పదకొండు కాగితాలు నింపాడట. తర్వాత పాసు కూడా అయ్యాడు, దర్జీ దుకాణం బోర్డు మీద బీయే అని రాయించుకున్నాడు. ఆ రోజు మాత్రం తనదే తప్పన్నట్టు కళ్లు తుడుచుకుంటూ సైకిలెక్కి వెళ్లిపోయాడు.

నేను గదిలో చేటలో బియ్యం పోసుకుని కూర్చున్నాను. ఒక్క గింజ చెరగలేదు. కాసేపటికి వసారాలో నడక మొదలైంది. అటు పన్నెండు అడుగులు, ఇటు పన్నెండు అడుగులు. ఈసారి నెత్తి మీద పుస్తకం లేదు.

“మొదటి ప్రశ్నకు జవాబు,” అన్నాడు బావ.

చెప్పాడు. నల్ల యువరాజు దగ్గర మొదలుపెట్టి, క్లారెన్స్ విందు, లాంకాస్టర్ ఆస్తి, గ్లాస్టర్ పరుపు, ఒక్కొక్క పేరు దగ్గర ఆగి గుండీ పెట్టుకుంటూ, తడబడకుండా, ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో. నీడ వసారా మెట్లు దిగిపోయింది. ఒక్కచోట కూడా నేను రెండుసార్లు గాజులు మోగించాల్సిన పని పడలేదు. చివరికి యార్క్ డ్యూకు దగ్గరికి వచ్చాడు.

“గాయిన కొట్లాడలే. కొట్లాడకుండ ఒడ్డెక్కిచ్చిండు. పుస్తకాలల్ల గాయినను చేతకానోడు అని రాసిండ్రు.” అన్నాడు బావ. “గంతే. జవాబు అయిపోయింది.”

నడక తలుపు ముందుకు వచ్చి ఆగింది.

“తలుపెనుకోళ్లు, ఎన్ని మార్కులు?”

గాజులకు అవును కాదు తప్ప లెక్కలు రావు. చేట పక్కన పెట్టి లేచాను. కొంగు సర్దుకుని, గడప దాటి, వసారాలోకి వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాను. పెళ్లయి అన్నేళ్లకు ఆయన ముఖం అంత దగ్గర నుంచి చూడటం అదే మొదలు. కళ్లద్దాల వెనక కళ్లు ఎర్రగా ఉన్నాయి. గుండీ పెట్టుకునే ఉంది.

“నూటికి నూరు, బావా,” అన్నాను.

ఆయన గోడకు చెయ్యి ఆనించాడు. నన్ను చూశాడు, గుండీ తడుముకున్నాడు.

“చరిత్రల నూరు ఎవ్వలకు రావు పిల్లా,” అన్నాడు. “నలభై వెయ్యి. పాసుకు సాలు.”

“తొంభై.”

“యాభై.”

వసారాలో నిలబడి ఇద్దరం బేరమాడుకున్నాం. వంటింట్లోంచి పెద్దక్క, వాకిట్లోంచి మా ఆయన వచ్చి నోళ్లు తెరిచి చూస్తుండగా, అరవై దగ్గర తెగింది. ఫస్టు క్లాసుకు అరవై చాలట.

గ్లాస్టర్ గండం ఆ కాలువలోనే పోయిందనుకుని, మా ఆయనను పిలిచి అటక మీది పరుపు దింపించాను.